గీత తేలితేనే గోలీ!

నూనె, నీళ్లు కలవవని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ ఒక్కోసారి ఆ రెండూ విడిపోమని మొండికేస్తాయి. అప్పుడు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు మారినా బ్యాచ్ మాత్రం కదలదు. పటాన్‌చెరు చుట్టుపక్కల కెమిస్టులకు నిత్యం ఎదురయ్యే ఆ పొరల కథ ఇది. ఆ పొరల్లోంచి వాగులోకి పోయిన నీళ్ల కథ కూడా.

ఆవకాయ కలిపిన రోజు జాడీలోకి తొంగిచూడండి. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, ముక్కలు... అంతా ఒకటే ముద్ద. మూడోరోజు మూత తీస్తే కథ మారిపోయి ఉంటుంది. ఉప్పుకి ముక్కల్లోంచి ఊట దిగి అడుగుకు చేరుతుంది. నూనె ఎర్రగా పైకి తేలి నిగనిగలాడుతుంటుంది. నూనె తేలిందంటే పచ్చడి కుదిరినట్టే!

ఇప్పుడు ఇల్లు తుడిచే బకెట్లో ఓ మూతెడు నల్ల ఫినాయిల్ పోయండి. నీళ్లలో పడీపడగానే పాలలా తెల్లబడుతుంది. చాలాసేపు కదపకుండా ఉంచినా ఆ తెలుపు అలాగే ఉంటుంది. ట్యాంకులో 'ఈసీ' రకం పురుగుమందు కలిపే రైతుకూ ఈ పాలరంగు బాగా తెలుసు. అక్కడ నూనెలాంటి పదార్థం కోట్లాది బొట్లుగా చీలి నీళ్లలో వేలాడుతోంది. ఆ బొట్లు వెలుగును అన్ని వైపులకీ చెదరగొట్టడం వల్లే అంత తెలుపు. దాన్నే ఎమల్షన్ అంటారు. పాలూ అలాంటివే.

జాడీలో రెండు ద్రవాలు విడిపోయాయి. బకెట్లో విడిపోలేదు. మనకి జాడీలో అదే కావాలి, బకెట్లో ఇదే కావాలి. మందుల ఫ్యాక్టరీలో చిక్కేమిటంటే... జాడీలోలా విడిపోవాల్సిన సరుకు ఒక్కోసారి బకెట్లోలా తెల్లగా పాలైపోతుంది!

ఈ దారిలో మూడు షిఫ్టులు

తెల్లాపూర్‌లో ఇప్పుడు ఎటుచూసినా ఆకాశాన్నంటే అపార్టుమెంట్లే. పక్కనే రామచంద్రాపురం, బీహెచ్‌ఈఎల్. ఇంకాస్త ముందుకెళితే పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం. మరోవైపు బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం. బీహెచ్‌ఈఎల్ దాటి ముంబయి హైవే మీద వెళుతుంటే కంపెనీ బస్సులు మూడు షిఫ్టులకూ జనాన్ని దింపుతూ, ఎక్కించుకుంటూ కనిపిస్తాయి. వాళ్లలో చాలామంది పనిచేసేది బల్క్‌డ్రగ్ యూనిట్లలో. గోలీలో ఉండే అసలు మందుపొడి తయారయ్యేది అక్కడే.

ఈ పరిశ్రమ ఇక్కడికి ఊరికే రాలేదు. 1960ల చివర్లో హైదరాబాద్ బాలానగర్‌లో సోవియట్ సాయంతో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ ప్లాంటు మొదలైంది. రసాయనాల నుంచి మందులు చేయడం ఒక తరం కెమిస్టులకు అక్కడే ఒంటబట్టింది. 1970లో వచ్చిన పేటెంట్ల చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే కొత్త పద్ధతి కనిపెట్టగలిగితే ఏ మందైనా మనం చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ని స్థాపించారు. అదే దారిలో ఇంకెందరో. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు రియాక్టర్లతో నిండిపోయాయి.

రియాక్టర్ అంటే భయపడక్కర్లేదు. వేల లీటర్లు పట్టే పెద్ద గుండిగ అనుకోండి. పైన మూత, లోపల తిప్పే గరిటె, బయట వేడిచేసే, చల్లబరిచే జాకెట్, అడుగున వాల్వు. ఆమ్లాలకు ఇనుము కరిగిపోకుండా లోపలంతా నీలిరంగు గాజు పూత. ఆ అడుగు వాల్వు కింద ఓ చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాన్ని సైట్‌గ్లాస్ అంటారు. మన కథంతా ఆ బెత్తెడు గాజులోంచే చూడాలి.

కడిగితేనే మందు

రియాక్టర్లో రసాయన చర్య పూర్తయ్యిందంటే మందు తయారైనట్టు కాదు. అందులో కావాల్సిన మందుతోపాటు మిగిలిపోయిన ముడిసరుకు, ఆమ్లం, ఉప్పు, జిడ్డు... అన్నీ కలగాపులగంగా ఉంటాయి. మందును ఏరి పైకి తీయాలి. అందుకు అతి చౌకైన ఉపాయం రెండు పొరలు.

నీళ్లతో కలవని ద్రావకాన్ని, అంటే సాల్వెంటును పోస్తారు. నీళ్లూ పోస్తారు. బాగా తిప్పుతారు. ఉప్పులు, ఆమ్లాలు నీళ్లలోకి పోతాయి. మందు సాల్వెంటులోకి పోతుంది. తిప్పడం ఆపితే కాసేపటికి రెండు పొరలు. ఇక అడుగు వాల్వు తెరిచి కిందిపొరను ఒకవైపు, పైపొరను మరోవైపు పంపేయడమే!

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. చాలా మందులకు క్షార స్వభావం ఉంటుంది. ఆమ్లం కలిపితే అవి లవణంగా మారి నీళ్లలోకి దిగిపోతాయి. జిడ్డు మలినాలు సాల్వెంటులోనే ఉండిపోతాయి. ఆ సాల్వెంటును తీసేసి, నీళ్లలో కాస్టిక్ సోడా కలిపితే మందు మళ్లీ నీళ్లను వదిలి కొత్త సాల్వెంటులోకి ఎక్కుతుంది. అలా ఓసారి దింపి, ఓసారి ఎక్కిస్తే చాలు... చెత్తంతా వెనకే ఉండిపోతుంది.

ఏ పొర పైన, ఏది కింద? అదంతా బరువు లెక్క. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. లీటరు టోలిన్ సుమారు 870 గ్రాములు, ఇథైల్ అసిటేట్ 900 గ్రాములు. ఇవి నీళ్ల మీద తేలతాయి. ఫ్యాక్టరీల్లో ఎండీసీ అని పిలిచే మిథిలీన్ డైక్లోరైడ్ సుమారు 1,330 గ్రాములు. అది నీళ్ల అడుక్కి పోతుంది. నిన్నటి బ్యాచ్‌లో మందు పైపొరలో ఉంటే, ఇవాళ్టి దాంట్లో కిందిపొరలో ఉండొచ్చు. కళ్లకు రెండూ నీళ్లలాగే కనిపిస్తాయి. ఏమరుపాటున ఒకటి అనుకుని ఇంకోటి వదిలేస్తే లక్షల రూపాయల సరుకు డ్రెయిన్ పాలు! అందుకే అనుమానం వస్తే నమూనా తీసి రెండు చుక్కల నీళ్లు వేసి చూస్తారు. కలిసిపోతే అది నీటిపొర. కలవకపోతే సాల్వెంటు.

కిందిపొర పోతున్నంతసేపూ సైట్‌గ్లాస్ దగ్గర ఓ మనిషి లైటు పట్టుకుని నిలబడతాడు. గాజులో ఓ గీత దిగుతూ కనిపిస్తుంది. రెండు పొరల సరిహద్దు అదే. అది కనిపించగానే వాల్వు మూసేయాలి. సాంద్రతనో, విద్యుత్ వాహకతనో కొలిచి గీత ఎక్కడుందో చెప్పే మీటర్లు ఇప్పుడు ఉన్నాయి. అయినా చాలాచోట్ల కంటిచూపే ఆఖరి మాట.

గిన్నె కడిగే లెక్క

పాలగిన్నెను చెంబుడు నీళ్లు ఒకేసారి పోసి తొలిపితే మంచిదా, అవే నీళ్లు మూడుసార్లుగా పోసి తొలిపితే మంచిదా? మూడుసార్లే మంచిదని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఫ్యాక్టరీలోనూ అదే లెక్క.

ఉదాహరణకి ఓ మందు నీళ్లకన్నా సాల్వెంటులో నాలుగు రెట్లు ఎక్కువ ఇష్టంగా కరుగుతుందనుకోండి. 300 లీటర్ల నీళ్లలో ఉన్న మందును 300 లీటర్ల సాల్వెంటుతో ఒక్కసారి లాగితే 80 శాతం వస్తుంది. అదే సాల్వెంటును వందేసి లీటర్లుగా మూడుసార్లు వాడితే 92 శాతం వస్తుంది. ఖర్చు ఒకటే, ఫలితం వేరు.

కానీ గమనించారా? మూడుసార్లు లాగినా నీళ్లలో ఇంకా ఎనిమిది శాతం మిగిలింది. ఎన్నిసార్లు లాగినా మిగిలేది తగ్గుతుందే తప్ప సున్నా కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

గీత కనిపించని రాత్రి

ప్రొసీజరు ప్రకారం తిప్పడం ఆపి అరగంట ఆగాలి. అరగంటయింది. సైట్‌గ్లాస్‌లో చూస్తే గీత లేదు. పైనుంచి కిందిదాకా మజ్జిగే! గంటయింది, రెండు గంటలయింది. అదే మజ్జిగ. కెమిస్టుకి చెమటలు పట్టేది అప్పుడే. ఈ రియాక్టర్ ఖాళీ అయితే తప్ప వెనకాల బ్యాచ్‌కి చోటుండదు. కొన్ని మందులు ఆమ్లంలోనో, క్షారంలోనో ఎక్కువసేపు నానితే చెడిపోతాయి కూడా.

ఎందుకిలా? సమాధానం 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంలో ఉంది. ద్రవంలో బొట్టు పైకి తేలే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. బొట్టు పదింతలు చిన్నదైతే వేగం వందింతలు తగ్గుతుంది. కదలని నీళ్లలో టోలిన్ బొట్టు మీటరు ఎత్తు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆ సూత్రంతో లెక్కేస్తే...

* వెంట్రుక మందమున్న బొట్టు, అంటే సుమారు 100 మైక్రాన్లు: 24 నిమిషాలు
* 10 మైక్రాన్ల బొట్టు: 39 గంటలు
* ఒక మైక్రాన్ బొట్టు: 160 రోజులకు పైనే!

అంటే, తొందరగా అవుతుందని గరిటె జోరు పెంచితే బొట్లు మరీ సన్నగా చితికిపోతాయి. కలపడంలో మిగుల్చుకున్న పది నిమిషాలకు విడిపోవడంలో పూటలు పూటలు చెల్లించాలి. అనుభవమున్న కెమిస్టు గరిటెను నింపాదిగా తిప్పించేది అందుకే.

బొట్టుకో చొక్కా

మరి చిన్నబొట్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై తేలిపోవచ్చు కదా? కలిస్తే గొడవే లేదు. కానీ ఒక్కోసారి బొట్టు చుట్టూ చొక్కా తొడుగుతారు కొందరు. వాళ్లలో మొదటివాడు సబ్బు. సబ్బు అణువుకి ఓ కొస నీళ్లంటే ఇష్టం, ఇంకో కొస నూనెంటే ఇష్టం. రెండింటి సరిహద్దులో నిలబడి బొట్టును కప్పేస్తుంది. రియాక్టర్లో ఎవరూ సబ్బు వేయరు. కానీ కొవ్వు ఆమ్లాలున్నచోట కాస్టిక్ పడితే అక్కడికక్కడే సబ్బు పుడుతుంది. కిణ్వన ప్రక్రియతో చేసే మందుల్లో ప్రోటీన్లు ఇదే పని చేస్తాయి. ఆవకాయలో మొదటి రోజు ఆవపిండి చేసేదీ ఇదే.

రెండోవాడు సన్నటి పొడి. రంగు తీయడానికి వేసిన బొగ్గుపొడి, తారు నలుసులు, కరగని ఉప్పు బొట్టు చుట్టూ గులకరాళ్ల గోడలా పేరుకుంటాయి. ఈ సంగతిని 1903లో రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. పొరలు విడిపోయాక కూడా మధ్యలో మురికి నురగలాంటి మూడో పొర ఒకటి మిగులుతుందే, దానికి చాలాసార్లు ఈ పొడే కారణం. ఇంజినీర్లు దాన్ని 'రాగ్ లేయర్' అంటారు. అటు మందూ కాదు, ఇటు నీళ్లూ కాదు. దాన్ని విడిగా డ్రమ్ములోకి పట్టి మళ్లీ శుద్ధి చేయాల్సిందే. బద్ధకించి మందులో కలిపేస్తే మలినం, నీళ్లలో కలిపేస్తే నష్టం.

విరగ్గొట్టే విద్య

ఎమల్షన్‌ని విరగ్గొట్టడానికి కెమిస్టు చేతిలో ఉన్నవన్నీ వంటింటి ఆయుధాల్లాంటివే.

ఓపిక: మొదటి మందు ఇదే. గరిటె ఆపేసి కాసేపు వదిలేయడం. లేదంటే బొట్లు ఒకదాన్నొకటి తాకేలా అతి మెల్లగా తిప్పడం.

ఉప్పు: చిక్కటి ఉప్పునీళ్లు పోస్తే నీటిపొర బరువెక్కుతుంది. రెండు పొరల మధ్య తేడా పెరుగుతుంది. నీళ్లలో కరిగిన సాల్వెంటు కూడా చాలావరకు బయటికొస్తుంది.

వేడి: కాస్త వెచ్చబడితే ద్రవం పలచనై బొట్లు త్వరగా కదులుతాయి. మండే సాల్వెంట్లు కాబట్టి ఎంతవరకు వేడిచేయొచ్చో చూసుకునే చేయాలి.

ఆమ్లం: సబ్బు వల్ల వచ్చిన ఎమల్షన్ అయితే ఆమ్లం పడగానే సబ్బు చొక్కా ఊడిపోతుంది. అయితే మందు కూడా పొర మారిపోకుండా చూసుకోవాలి.

వడపోత: పొడి వల్ల వస్తే వడపోత పొడి పరిచిన ఫిల్టరులోంచి పంపితే నలుసులు అక్కడే ఆగిపోతాయి. అప్పటిదాకా మజ్జిగలా ఉన్నది నిమిషాల్లో రెండు పొరలవుతుంది.

గిరగిరా తిప్పడం: ఏదీ పనిచేయకపోతే సెంట్రిఫ్యూజ్. భూమి లాగే బలానికి వేల రెట్ల బలంతో పొరల్ని విడదీస్తుంది. 1878లో స్వీడన్ ఇంజినీరు గుస్టాఫ్ డి లావల్ పాలనుంచి మీగడ తీయడానికి చేసిన యంత్రమే వీటికి ముత్తాత.

గరిటె జోరు పెంచితే ఎమల్షన్ పుడుతుందన్నాం కదా. మరి కవ్వంతో చిలికితే వెన్నెలా విడిపోతుంది? పెరుగులో కొవ్వుబొట్లకు ప్రోటీన్ చొక్కాలుంటాయి. లోపలి కొవ్వు సగం గడ్డకట్టి ఉంటుంది. చిలికినప్పుడు గాలిబుడగల తాకిడికి చొక్కాలు చిరిగి, సగం గడ్డకట్టిన బొట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. కొవ్వు పూర్తిగా కరిగినా, పూర్తిగా గట్టిపడినా ఆ పని జరగదు. ఎండాకాలం చల్లటి నీళ్లు, చలికాలం గోరువెచ్చటి నీళ్లు పోసి చిలికే మన అమ్మమ్మలకు ఆ ఉష్ణోగ్రత చేతివేళ్లకే తెలుసు.

పొరల మీద ఆధారపడ్డ ప్రాణం

ఈ గీత ఎంత విలువైనదో పెన్సిలిన్ కథ చెబుతుంది. 1940 నాటికి ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చైన్‌ల బృందానికి ఓ సమస్య ఎదురైంది. బూజు పెంచిన నీళ్లలో పెన్సిలిన్ అతి కొద్దిగా ఉంది. దాన్ని బయటికి తీయబోతే పాడైపోతోంది. ఆ బృందంలోని నార్మన్ హీట్లీ ఉపాయం చెప్పాడు. నీళ్లను చల్లబరిచి ఆమ్లం కలిపితే పెన్సిలిన్ సాల్వెంటులోకి ఎక్కుతుంది. ఆ సాల్వెంటును ఆమ్లం లేని నీళ్లతో కలిపితే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. ఎక్కించడం, దింపడం... అంతే!

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందిచ్చారు. ఒళ్లంతా చీముపట్టి చావుబతుకుల్లో ఉన్న మనిషి కోలుకోవడం మొదలైంది. కానీ మందు చాల్లేదు. రోగి మూత్రంలో పోయిన పెన్సిలిన్‌ను కూడా తిరిగి తీసి ఎక్కించారు. అయినా సరిపోలేదు. మార్చిలో ఆయన చనిపోయాడు. ఆ రోజుల్లో నీళ్లలో పోయే ప్రతి రవ్వకీ ఓ ప్రాణం విలువ ఉంది.

తరవాత అమెరికాలో పెద్దఎత్తున తయారీ మొదలయ్యాక ఎమల్షన్ అడ్డుపడింది. బూజునీళ్లలో ప్రోటీన్ల వల్ల పొరలు విడిపోవు. అవి విడిపోయేదాకా ఆగుదామంటే ఆమ్లంలో పెన్సిలిన్ నిమిషాల్లోనే చెడిపోవడం మొదలుపెడుతుంది. షికాగో ఇంజినీరు వాల్టర్ పొడ్‌బీల్నియాక్ చేసిన తిరిగే యంత్రం ఆ చిక్కు విప్పింది. కలపడం, విడదీయడం రెండూ అందులోనే క్షణాల్లో అయిపోయేవి. బూజు నుంచి పెన్సిలిన్-జి తీసే పెద్ద ప్లాంటు 2024లో మన కాకినాడ దగ్గర కూడా మొదలైంది.

కిందికి పోయిన నీళ్లు

ఇంతవరకు మందు సంగతే చూశాం. మరి విడిపోయిన నీటిపొర?

గీత ఎంత చక్కగా తేలినా ఆ నీళ్లు మంచినీళ్లు కావు. ఇథైల్ అసిటేట్‌తో కలిసి విడిపోయిన వెయ్యి లీటర్ల నీళ్లలో సుమారు 80 కిలోల ఇథైల్ అసిటేట్ కరిగి ఉండిపోతుంది. ఎండీసీ అయితే 15 కిలోల దగ్గర. టోలిన్ అయితే అరకిలో. పొరల్ని విడగొట్టడానికి వేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే. సాల్వెంటుకు చిక్కకుండా మిగిలిపోయిన మందూ ఆ నీళ్లలోనే. మూడుసార్లు లాగినా మిగిలిన ఎనిమిది శాతం గుర్తుంది కదూ? పైగా కొన్ని మందులు అసలే మొండివి. సిప్రోఫ్లాక్సాసిన్‌నే తీసుకోండి. దానికి ఆమ్ల గుణం, క్షార గుణం రెండూ ఉన్నాయి. ఆమ్లం కలిపినా నీళ్లలోకే, క్షారం కలిపినా నీళ్లలోకే పోతుంది.

ఒకప్పుడు ఈ వాడల్లో ఆ నీళ్లు ఎటు పోయాయో నక్కవాగు ఒడ్డు ఊళ్లకు తెలుసు. పటాన్‌చెరు ప్రాంతం నుంచి పారి మంజీరలో కలిసే వాగు అది. పంటలు దెబ్బతిన్నాయి. బోర్లలో రంగునీళ్లు వచ్చాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు రోగుల్ని చూస్తూనే ఏళ్ల తరబడి పోరాడారు. అక్కడ మొదలైన కేసు చేతులు మారి జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో 2017లో కొలిక్కి వచ్చింది.

ఈలోగా 1994లో ఫ్యాక్టరీలన్నీ కలిసి వ్యర్థజలాలు శుద్ధి చేసుకునేందుకు పటాన్‌చెరు ఎన్విరోటెక్ ప్లాంటు వచ్చింది. అక్కడ పని చేసేవి బ్యాక్టీరియా. సాల్వెంట్లను అవి తినగలవు. ఉప్పును తినలేవు. ఇక యాంటీబయాటిక్స్ తయారైందే బ్యాక్టీరియాను చంపడానికి!

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన ఫలితాలు ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు అందుకునే ఆ ప్లాంటు నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. రోజుకు సుమారు 45 కిలోలు పోతున్నట్టు వాళ్ల లెక్క. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానం. అంత మందులోనూ బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మామూలువి కావు. మందుకు లొంగని జన్యువులు ఈ ప్రాంతపు నీటి అడుగు మట్టిలో మెండుగా ఉన్నట్టు ఆ తరవాతి పరిశోధనలు తేల్చాయి. రేపు మన ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్న ప్రశ్నకీ, ఇక్కడి నీటిపొరకీ ఉన్న లంకె అదీ.

నీటిపొరకూ ఓ లెక్క

తరవాత చాలా మారింది. శుద్ధి చేసిన నీళ్లు వాగులోకి పోకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగర మురుగుకాలువ ద్వారా అంబర్‌పేట ప్లాంటుకు మళ్లించారు. చుక్క నీరు బయటికి వదలకూడదన్న నిబంధన బల్క్‌డ్రగ్ యూనిట్లకు వచ్చింది. అలాంటి యూనిట్లలో నీటిపొర నేరుగా డ్రెయిన్‌కు వెళ్లదు. ముందు ఆవిరితో కాచి కరిగిన సాల్వెంటును వెనక్కి తీస్తారు. 80 కిలోల ఇథైల్ అసిటేట్ అంటే డబ్బే కదా! తరవాత నీళ్లను వరుస బాయిలర్లలాంటి ఆవిరి యంత్రాల్లో ఇంకించి, మిగిలిన ఉప్పును పొడిగా ఆరబెట్టి ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రానికి పంపుతారు. ఆవిరైన నీళ్లను చల్లార్చి మళ్లీ వాడుకుంటారు. దీనికంతా బోలెడు ఖర్చు. ఆ ఖర్చు ఎగ్గొట్టడానికి రాత్రిపూట ట్యాంకర్లు ఖాళీచేసే వాళ్లున్నారన్న ఫిర్యాదులు ఈ ప్రాంతానికి కొత్తకాదు.

గోలీలో ఏమాత్రం సాల్వెంటు మిగలొచ్చో కచ్చితమైన హద్దులున్నాయి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఎండీసీ పదిలక్షల భాగాల్లో 600 భాగాలు, టోలిన్ 890 భాగాలు మించకూడదు. మరి బయటికి వదిలే నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చు? దానికి మన దేశంలో హద్దులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి అందులో లేవు. యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మొదటి మార్గదర్శకాలను 2024లో విడుదల చేసింది.

మందుపొరకు ఉన్నంత కట్టుదిట్టమైన లెక్క నీటిపొరకు ఇంకా లేదన్నమాట. నిజానికి రెండూ ఒకే రియాక్టర్లో, ఒకే గరిటె కింద పుట్టినవే. గీతను కాస్త ముందే కోస్తే మందు నీళ్లలోకి పోతుంది. ఎమల్షన్‌ని ఓపిగ్గా విరగ్గొట్టకుండా డ్రెయిన్‌కు వదిలేస్తే సాల్వెంటు మొత్తం నీళ్లలోకి పోతుంది. సైట్‌గ్లాస్ దగ్గర లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకో పది నిమిషాలు ఆగితే శుద్ధి ప్లాంటుకు అంత భారం తగ్గుతుంది.

పొరలు విడిపోయాయా అన్నది కంపెనీకి ముఖ్యమైన ప్రశ్న. విడిపోయిన నీళ్లు ఎటు పోయాయన్నది నక్కవాగు ఒడ్డు ఊళ్లకు ముఖ్యమైన ప్రశ్న. బ్యాచ్ రికార్డులో ఆ రెండు జవాబులూ పక్కపక్కనే నిజాయతీగా ఉంటేనే ఆ గోలీ అందరికీ మందవుతుంది.

పిల్లలతో చేసి చూడండి

మూత బిగుతుగా ఉన్న మూడు గాజు సీసాలు తీసుకోండి. మూడింట్లోనూ సగానికి నీళ్లు, పైన నాలుగు చెంచాల వంటనూనె పోయండి.

* మొదటి సీసాను పదిసార్లు మెల్లగా ఊపండి. నిమిషాల్లో గీత తేలుతుంది.
* రెండోదాన్ని వందసార్లు గట్టిగా ఊపండి. గీత తేలడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయించండి. స్టోక్స్ సూత్రం కళ్లముందే కనిపిస్తుంది.
* మూడోదాంట్లో రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బునీళ్లు వేసి ఊపండి. పాలలా తెల్లబడి మొరాయిస్తుంది. ఇప్పుడు రెండు చెంచాల ఉప్పు వేసి మెల్లగా కలిపి వదిలేయండి. కాస్తకాస్త విడిపోవడం మొదలైందా? గమనించండి.

ఆటయ్యాక ఆ నూనెనీళ్లను సింకులో పోయకండి. పాత కాగితాల్లోకో, గుడ్డలోకో ఇంకించి చెత్తబుట్టలో వేయండి. నీటిపొర ఎటు పోవాలన్న పాఠం అక్కణ్నుంచే మొదలవ్వాలి మరి!